చుక్కలకు ముందు చిరునామా

ఆస్ట్రోపై అని ఒక పైథాన్ లైబ్రరీ ఉంది. ఖగోళ శాస్త్రజ్ఞులు 2011లో తలా ఒక చెయ్యి వేసి మొదలుపెట్టారు. పైసా ఖర్చు లేదు, కోడ్ ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. నక్షత్రాలు, గ్రహాలు, కాలమానాలు దానికి కరతలామలకం. కొత్తవాళ్ల కోసం తెలుగులో నాలుగు పేజీలు రాద్దామని కూర్చున్నాను. పాఠకులకు కొదవ లేదు: జనగామలో డిగ్రీ చదివే మేనల్లుడు, మహబూబాబాద్‌లో పెద్దమ్మ, భూపాలపల్లి బొగ్గు గనిలో షిఫ్టులు చేసే బావమరిది.

ఇలాంటి పుస్తకాలన్నీ ‘ఇది చాలా సులభం’ అనే మొదలవుతాయి. సూది గుచ్చే ముందు నర్సమ్మ అనే ‘ఏం కాదు’ లాంటి మాట అది. దాన్ని ముందే కొట్టేశాను.

మొదటి గండం ఊరు. మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో చెప్పందే లైబ్రరీతో ఉదయాస్తమయాలు లెక్కకట్టలేం. బడిలో అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత అని వల్లె వేశాం. ఇక్కడ పేర్లు పెట్టకుండా వట్టి అంకెలిస్తే రేఖాంశమే ముందు. తారుమారైతే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కట్టగట్టుకుని నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలతాయి. అక్కడ ఎండాకాలంలో నెలల తరబడి పొద్దు గుంకదు. “మామా, జూన్ల జనగామల పొద్దు గుంకుతలేదట!” అని మేనల్లుడి ఫోను. జనగామ ఎండలు తిన్నవాడు కనుక పెద్దగా అనుమానించలేదు కూడా.

రెండో గండం గడియారం. సాయంత్రం ఏడు అనుకుని 19:00 కొడితే లైబ్రరీ దాన్ని అంతర్జాతీయ సమయంగా తీసుకుంటుంది. మనకది అర్ధరాత్రి దాటి 12:30. అందుకని ఐదున్నర గంటలు తీసేసి 13:30 అనాలి. బావమరిదికి ఇదే మింగుడుపడలేదు. “ఐదున్నర గంటలు కోస్తే జీతం గూడ కోస్తరా బావా?” అన్నాడు.

మూడోది కొలత. నక్షత్రం చిరునామాలో ఒక అంకె గంటల్లో ఉంటుంది, గంటకు 15 డిగ్రీలు. రోహిణి 4 గంటల 36 నిమిషాల దగ్గరుంటుంది, అంటే 69 డిగ్రీలు. కొలత చెప్పకుండా వట్టి అంకె ఇస్తే లైబ్రరీ ఎర్రక్షరాలతో విరుచుకుపడుతుంది. మేనల్లుడు అలిగాడు. మిర్చి అమ్మి పండిన పెద్దమ్మ మాత్రం లైబ్రరీ పక్షమే. “పది అంటే పది ఏంది? కిలోలా, కింటాళ్లా? అది సక్కగనే అడిగింది.”

నాలుగు పేజీలు నిండాయి, ఒక్క చుక్క పొడవలేదు! సరే, రోహిణి కార్తెలో రోహిణిని చూద్దామని ఉదాహరణ ఇవ్వబోయాను. “రోహిణి కార్తెల ఆ చుక్క యాడ కనవడుతది బిడ్డా? పొద్దుతోనే ఉంటది గద!” అంది పెద్దమ్మ. లైబ్రరీని అడిగాను. జూన్ 1 ప్రాంతంలో సూర్యుడికీ రోహిణికీ మధ్య ఎడం ఐదారు డిగ్రీలేనంది. అసలు కార్తెకు ఆ పేరు వచ్చిందే సూర్యుడు ఆ నక్షత్రంతో ఉంటాడని.

అంచేత కొత్తవాళ్లకు ఏమీ తెలియదని మొదలుపెట్టే పుస్తకం సగం దండగ. తెలిసినదాన్నే లైబ్రరీ చేత చెప్పించి చూపిస్తే మిగతాది వాళ్లే నమ్ముతారు. మా మొదటి ఉదాహరణ ఇప్పుడు రోహిణి కార్తే. పది లైన్లు కొడితే పెద్దమ్మ చెప్పిన జవాబే వస్తుంది. కాకపోతే లైబ్రరీ దశాంశాలు చెప్పి ఊరుకుంటుంది, పెద్దమ్మ విత్తనాలు తెచ్చి పెట్టమని పని కూడా చెబుతుంది.