జీర్ణచిత్ర పద్యము: టీకా తాత్పర్య సహితము

మూలము:

రంగు దించి నలుపు రవ్వంత పెంచుచు
గీత లొలుకఁబోసి గింజ చల్లి
యంచు మసకఁబార్చి యటుపైన తుప్పద్ద
నేటి ఫొటొకు వయసు నిండి వచ్చు.

అవతారిక: పై ఆటవెలది, నిన్న సాయంకాలము సెల్‌ఫోనుతో తీసిన చిత్రమును ముప్పది యేండ్ల క్రిందట తీసి తడిగోడకు ఆనించి మరచిన చిత్రమువలె మార్చు విద్యను బోధించుచున్నది. ఈ విద్యకు ఎడిటింగు చేయువారి వాడుకలో గ్రంజ్ ఎఫెక్టు అని పేరు. మూలకారుడును టీకాకారుడును ఒక్కరే యని ఎవరైన శంకించినచో, తన కారికలకు తానే వృత్తి వ్రాసికొనుట ఆలంకారికులలో పాత వాడుకయే యని మొదటి సమాధానము; ఈ పద్యమునకు టీక వ్రాయుటకు మరియెవ్వరును ముందుకు రాకుండుట రెండవ సమాధానము.

గ్రంజ్ అనగా మురికి, జిడ్డు. అమెరికాలోని సియాటిల్ నగరమున 1980లలో రూపుదిద్దుకొన్న యొక రాక్ సంగీతరీతికి ఆ పేరు స్థిరపడగా, 1991లో నిర్వాణ బృందము వారి ‘నెవర్‌మైండ్’ ఆల్బము వెలువడిన పిమ్మట అది లోకమంతట పాకినది. సంగీతమునుండి మురికి అచ్చుపుటలలోనికి దిగుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 1992లో ఆరంభమైన ‘రే గన్’ పత్రికకు కళాదర్శకుడైన డేవిడ్ కార్సన్ అక్షరములను ఒకదానిపై నొకటి ఎక్కించి, సగము చెరిపి, పుటలను చిరిగిన గోడపత్రికలవలె కూర్చెను. ఒక గాయకునితో జరిగిన ముఖాముఖి తనకు విసుగు పుట్టించినదని, అక్షరములకు మారుగా నక్షత్రములు, బాణములు వంటి గుర్తులు మాత్రమే యుండు జాఫ్ డింగ్‌బాట్స్ అను ఫాంటులో దానినంతయు అచ్చువేయించెను. టీకాకారులకు ఇంతటి ధైర్యము ఏనాడును లేదు. 1995లో వచ్చిన ‘సెవెన్’ చలనచిత్రమునకు కైల్ కూపర్ సమకూర్చిన పేర్ల పట్టిక, గీకినట్లును వణకినట్లును ఉండు అక్షరములతో ఈ రీతిని వెండితెరకెక్కించినది. ఇంతలో 1990లో పుట్టిన ఫొటోషాపునకు 1994లో లేయరులు అమరినవి. లేయరు అనగా ఒకదానిపై నొకటి పరచిన పారదర్శకమైన పొర. పొర దొరికినంతనే, దానిపై పోయుటకు మురికి కావలసివచ్చెను.

ప్రతిపదార్థము: రంగు = చిత్రమందలి వర్ణసాంద్రతను, అనగా శాచురేషనును; దించి = పూర్తిగా చంపక తగ్గించి; నలుపు = నీడల గాఢతను; రవ్వంత = కొంచెము మాత్రమే; పెంచుచు = అధికము చేయుచు; గీతలు = రాపిడివలన ఫిలిముపై పడు గాట్లను; ఒలుకఁబోసి = పరచి; గింజ = గ్రెయిన్ అను రవ్వదనమును; చల్లి = వెదజల్లి; అంచు = నాలుగు ప్రక్కలను; మసకఁబార్చి = చీకటి చేసి; అటుపైన = ఆ పనులన్నియు ముగిసిన పిదప; తుప్పు = ఇనుపరేకు మొదలగువాని శిథిలమైన పైపొరను; అద్దన్ = పూయగా; నేటి ఫొటొకు = ఇప్పటి ఛాయాచిత్రమునకు; వయసు = వార్ధక్యము; నిండి వచ్చు = పరిపూర్ణముగా కలుగును. ‘ఫొటో’ అనునది ‘ఫొటొ’ యగుట గణము కొరకే గాని వ్యాకరణము కొరకు కాదు.

తాత్పర్యము: రంగు తగ్గించి నీడలు ముదిర్చి, గీతలును రవ్వలును చేర్చి, అంచులను నలుపు చేసి, కడపట తుప్పుపొరను కప్పినచో కొత్త చిత్రము పాతదగునని భావము. పాతబడుటకు కాలము అక్కరలేదను విషయము ధ్వని.

విశేషార్థములు: రంగు దించుట, నలుపు పెంచుట అను రెండు క్రియలను ఒకే పాదమున బంధించుట యాదృచ్ఛికము కాదు. కలర్ ఫిలిమును కడుగునపుడు అందలి వెండిని తొలగించుటకై బ్లీచ్ అను మెట్టు ఒకటి యుండును. ఆ మెట్టును దాటవేసినచో వెండి రంగులతో కూడ నిలిచిపోయి, వర్ణము తగ్గుటయు నలుపు హెచ్చుటయు ఒక్క దెబ్బతో జరుగును. 1960లో జపానులో కోన్ ఇచికావా తీసిన ‘ఒతోతో’ చిత్రమునకు ఛాయాగ్రాహకుడు కజువో మియగావా ఈ ఉపాయమును వాడెను. నేడు రెండు స్లైడరులతో జరుగు పని ఆనాడు ఒకే రసాయనక్రియ. ఇక ‘రవ్వంత’ అను పదము ఈ పద్యమునకు ప్రాణము. నూటికి తొంబదిమంది ఎడిటరులు పాటించని పదమును ఇదియే.

గింజ యనునది ఫిలిముపై పూసిన వెండి లవణపు స్ఫటికములవలన కలుగునది. ఫిలిము వేగము హెచ్చినకొలది, అనగా తక్కువ వెలుతురులో బొమ్మను పట్టు శక్తి హెచ్చినకొలది, ఆ స్ఫటికములు పెద్దవగును, రవ్వలు కంటికి తెలియును. కంప్యూటరున దీనిని చల్లుటకు, నలుపునకు తెలుపునకు సరిగా నడుమనున్న బూడిదరంగుతో ఒక లేయరును నింపి, దానికి నాయిస్ అను చుక్కల గందరగోళమును చేర్చి, ఓవర్‌లే మోడులో నుంచుదురు; మోడు అనగా పై పొర క్రింది పొరతో కలియు పద్ధతి. ఆ మోడున నడిమి బూడిద కనబడకపోయి రవ్వలు మాత్రమే మిగులును. నాయిస్ ఏకవర్ణమై యుండవలెను. ఎరుపు, పచ్చ చుక్కలు కనబడినచో అది పాత ఫిలిము కాక చవుక కెమెరా యని తేలిపోవును. ముఖము మీద ఈ రవ్వ ముద్దగా పడినచో అమ్మవారు పోసినట్లుండును గావున, మాస్కు అను కప్పుతో కన్నులను, చెక్కిళ్లను కాపాడవలెను.

గీతల విషయమున ఎడిటరులు చేయు అపరాధములు పెక్కు. గీతకు దిక్కు కలదు. సినిమా ఫిలిము ప్రొజెక్టరులో పైనుండి క్రిందికి నడచును గావున దాని గాట్లు నిలువుగా పడును. 35 మిల్లీమీటరుల నిశ్చలచిత్రపు కెమెరాలో ఫిలిము అడ్డముగా నడచును గావున అడ్డముగా తీసిన బొమ్మపై గాట్లును అడ్డముగనే పడును. గీతకు రంగును కలదు. నెగెటివుపై వ్రాలిన ధూళి వెలుగు నడ్డగించుటచే ప్రింటులో తెల్లచుక్కయై తేలును. అదే నెగెటివుపై మందుపూత ఊడినచో వెలుగు ఎక్కువగా దూరి నల్లగీత యగును. ఇది యెరిగినవాడు తెల్లగీతలను స్క్రీన్ మోడులోను, నల్లగీతలను మల్టిప్లై మోడులోను పరచును. మల్టిప్లై యనగా రెండు పొరల విలువలను హెచ్చవేసి 255చే భాగించుట. 128 విలువగల బూడిదపై అట్టి బూడిదయే పడినచో ఇంచుమించు 64 అగును, తెలుపు పడినచో మార్పే యుండదు. స్క్రీన్ దీనికి తలక్రిందులు: అందు నలుపు మాయమై తెలుపు నిలుచును. ఈ లెక్క తెలియనివారు టెక్స్చరును, అనగా మురికిపొరను, నార్మల్ మోడులో నుంచి, ఒపాసిటీని, అనగా పొర దట్టదనమును, సగమునకు దించి, చిత్రమునకు మంచు పట్టించి, దానినే ప్రాచీనతయని భ్రమింతురు.

అంచు మసకబార్చుట సులభము. కటకము అంచులవద్ద వెలుగును తక్కువగా పంపుట దీనికి మూలము. వినెట్ అను స్లైడరు ఒకటి జరిపిన చాలును.

‘అటుపైన’ అని క్రమము చెప్పుటలో గంభీరమైన హేతువున్నది. తుప్పును ముందే అద్ది పిదప రంగు దించినచో తుప్పులోని ఎరుపును దిగిపోయి అది ఉత్త మురికి యగును. తుప్పు ఇనుమునకు, చిలుము రాగికి, పెచ్చులూడుట గోడకు, మడతగీత కాగితమునకు స్వభావములు. వీనిని కలగలుపుట వర్ణసంకరము. టెక్స్చరును ఇంటర్నెట్టునందు వెదకి ఉచితముగా దింపుకొనుటకంటె, మూతబడిన కొట్టు షట్టరునో, పెరటిలోని బోరు పంపునో, అటకమీది ట్రంకుపెట్టెనో స్వయముగా ఫొటో తీసికొనుట మేలు. ఉచితముగా దొరకు ఒకే పగులు పదిమంది చిత్రములపై ఒకేచోట కనిపించుట అన్యాయము. అయితే రేకుపై ఎడమనుండి పడిన ఏటవాలు వెలుగుతో తీసిన తుప్పును, కుడినుండి వెలుగు పడిన మనుష్యునిపై అద్దరాదు. మబ్బుపట్టిన దినమున తీసిన తుప్పు ఎవరికైన సరిపోవును.

పూర్వపక్షము: ‘శుభ్రమైన చిత్రమును చెరుపుటకు ఇంత శ్రమ యేల? 1957 నాటి మాయాబజార్‌ను రంగులలోనికి మార్చి 2010 జనవరిలో విడుదల చేయుటకు, పాత ఫిలిములోని గీతలను, మరకలను ఒక్కొక్క ఫ్రేములో తుడువవలసివచ్చెను గదా. ఒక కంప్యూటరు గీతలు తుడుచుచుండ మరియొకటి గీతలు గీయుట వెఱ్ఱి కాదా?’ అని.

సిద్ధాంతము: కాదు. కాలము చేయు గ్రంజ్‌కు ఒపాసిటీ స్లైడరు లేదు. రఘుపతి ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ మూకీచిత్రపు ప్రతి నేడు లభ్యము కాదు. కాలము అక్కడ నూటికి నూరు శాతము పనిచేసినది. ఎడిటరు చేయు నాశము కోరి తెచ్చుకొన్నది, కావలసినచోట ఆపదగినది, కావుననే అది కళ యగుటకు అవకాశము కలదు. ఆ నాశమునకు ఒక కారణము చిత్రములోనే యుండవలెననుట ఈ టీక పక్షము. సింగరేణి బొగ్గు గనుల నేపథ్యమున వచ్చిన ‘దసరా’ వంటి చిత్రమునకు (2023) మసియు మురికియు కథలోనివే. అక్కడ దుమ్ము పాత్ర. కారణము లేని మురికి ఉత్త మురికి.

అలంకారము: చిత్రము పాతదేమో యని చూపరి సరదాగా ఊహించినచో ఉత్ప్రేక్ష, నిజముగా పాతదే యని మోసపోయినచో భ్రాంతిమంతము. నాయకుని జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీలో ఆయన ముఖమునకు పగుళ్లు పెట్టినచో, అది అభిమానమో విమర్శయో తేలదు గావున సందేహాలంకారము. పదునొకండవ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమనెను. పెండ్లి ఆల్బమునందు వధువు పట్టుచీరపై తుప్పు అద్దువారిని ఆయన చూడలేదు. తలంబ్రాల చిత్రమునకు గీతలు పెట్టుట శృంగారమును బీభత్సమునకు అప్పగించుటయే. స్టూడియోవారు ‘ట్రెండింగ్ లుక్’ అని నచ్చజెప్పినను గృహస్థుడు ఒప్పుకొనరాదు.

స్నాప్‌సీడ్ ఆప్‌లో గ్రంజ్ అనియే ఒక ఫిల్టరు కలదు. వ్రేలితో జరిపినంతనే ఈ పద్యమందలి క్రియలు ఇంచుమించుగా ఒక్క క్షణమున జరిగిపోవును. అభ్యాసకుడు దానితో మొదలిడవచ్చును, ముగింపరాదు. ఏ మార్గమున చేసినను, చిత్రమును జేపెగ్‌గా భద్రపరచినచో లేయరులన్నియు ఏకమగును, పిదప ముఖమునుండి తుప్పును వేరుచేయుట ఫొటోషాపునకును సాధ్యము కాదు. కావున చదువరులు లేయరులతో కూడిన పీఎస్‌డీ ప్రతిని ఒకచోటను, ఎడిటింగు సోకని అసలు చిత్రమును వేరొకచోటను దాచికొందురు గాక.