నేను స్ప్రే గన్నును

మా వంశానికి మూలపురుషుడు వైద్యుడంటే మీరు నమ్మరు. అమెరికాలోని టొలీడోలో అలెన్ డెవిల్బిస్ అనే గొంతు డాక్టరు ఉండేవాడు. రోగి గొంతులోకి మందును సన్నటి తుంపరగా కొట్టడానికి 1880ల చివర్లో ఆయన ఒక చిన్న పరికరం చేశాడు. కొడుకు థామస్ 1907లో దాన్నే మార్చి రంగు కొట్టే గన్ను చేశాడు. గొంతుకు ఊరటనివ్వడానికి పుట్టిన వంశం, చివరికి ఏ పనిలో పడిందో వినండి.

నా మకాం విజయవాడ ఆటోనగర్లో ఒక రేకుల షెడ్డు. నెత్తిన రంగు కప్పు, కాళ్ల దగ్గర కంప్రెసర్ పైపు, ముక్కున మిల్లీమీటరు చిల్లర కన్నం. సొట్ట తీసిన కారుకు లప్పం పెట్టి, నీళ్లు పోస్తూ ఎమరీ పేపరుతో రుద్ది, ప్రైమరు కొట్టి, రంగు వేశాక చివర్లో క్లియర్ కోటు పడుతుంది. యజమాని బండిని చూసి మురిసిపోయేది ఆ మెరుపుకే. క్లియర్ రెండు డబ్బాల సరుకు. ఒకదాంట్లో వార్నిషు, రెండోదాంట్లో హార్డనర్. రెండూ కలిస్తే ఇక ఆగదు, గట్టిపడుతూనే ఉంటుంది. పని కాగానే నన్ను థిన్నరుతో కడక్కపోతే నా సూది బిగుసుకుపోతుంది.

ఆ హార్డనర్‌లో ఉండేది ఐసోసైనేట్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పాలియురెథేన్‌కు ముడిసరుకు అదే. మీ ఫోము పరుపు కూడా ఆ కుటుంబమే. ఎండి గట్టిపడితే దానితో పెద్దగా పేచీ లేదు. నా ముక్కులోంచి తుంపరై గాల్లో తిరిగేటప్పుడే ప్రమాదం. ఇక్కడో చిక్కుంది. థిన్నరు వాసన ముక్కు పుటాలు అదరగొడుతుంది కాబట్టి అందరూ దాన్నే తిడతారు. ఐసోసైనేట్ హాని చేసే మోతాదులో ఉన్నా ముక్కుకు తెలియదు. తుంపర కూడా చాలావరకు కంటికి కనబడదు. పొగమంచులా కనిపించేది తగ్గిపోయిందని మాస్కు తీసేసినవాడు, కనిపించనిదాన్ని నిండుగా పీలుస్తాడు.

మా మేస్త్రి మాస్కు జోలికే పోలేదు. ముఖానికి చేతిరుమాలు. రుమాలు రంగు చుక్కల్ని ఆపుతుంది, ఐసోసైనేట్‌ని ఆపదు. ఏళ్ల తరబడి ఆయనకు తుమ్ము కూడా రాలేదు. "నాకు పడిందిరా, ఏమీ కాదు" అని కుర్రాళ్ల దగ్గర గొప్పలు పోయేవాడు. ఐసోసైనేట్ తెచ్చిపెట్టే ఉబ్బసం తీరే అంత. కొందరి ఒంట్లో నెలల పాటు, కొందరిలో ఏళ్ల పాటు లోలోపల విరోధం పెరుగుతుంది. ఒకసారి ఒళ్లు తిరగబడిందా, మునుపు ఏమీ చేయనంత స్వల్ప మోతాదు చాలు, ఛాతీ పట్టేస్తుంది. అందరికీ రాదు, ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేం.

మేస్త్రికి దగ్గు షెడ్డులో రాలేదు. వచ్చి ఉంటే ఎవరో ఒకరు నన్నే అనుమానించేవారు. పగలు రంగు కొట్టి ఇంటికి వెళ్లాక, అన్నం తిని పడుకున్నాక మొదలయ్యేది. పొడి దగ్గు, పిల్లికూతలు, తెల్లవార్లూ దిండుకు ఆనుకుని కూర్చోవడం. పీల్చిన కొన్ని గంటల తర్వాత ఆయాసం రావడం ఈ రసాయనాల అలవాటు. ఇంట్లోవాళ్లు ముందు పెరుగు మాన్పించారు. తర్వాత ఫ్రిజ్ నీళ్లు. ఆ తర్వాత అగరొత్తులు. పక్కింటి పిల్లి మీదకి కూడా నింద పోయింది. నెమ్ము చేసిందని ఒకరు, కృష్ణా కాలవ గాలి పడలేదని ఇంకొకరు. మందుల షాపు సిరప్పులకు లెక్కే లేదు.

ఆఖరికి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకు వెళ్లాడు. ఆ ముచ్చట టీ తాగుతూ మేస్త్రి చెబుతుంటే మేకు మీంచి విన్నాను.

"ఏం పని చేస్తావయ్యా?" అన్నాట్ట డాక్టరు ముందుగానే. రోగిని ఈ ప్రశ్న తప్పక అడగాలని ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు 1700లోనే పుస్తకంలో రాశాడు. మూడు వందల ఏళ్లు దాటినా చాలా చీటీల్లో ఇప్పటికీ ఆ గడి ఖాళీయే.

"కార్లకు రంగులు కొడతానండీ."

"పనికి వెళ్లని రోజుల్లో ఎలా ఉంటుంది?"

జవాబు ఆయన చెప్పలేదు, పక్కనున్న భార్య చెప్పింది. "సంక్రాంతికి మా ఊరెళితే వారం రోజులూ హాయిగా నిద్రపోయారండీ. తిరిగొచ్చాక మళ్లీ మామూలే."

డాక్టరు చేతికో ప్లాస్టిక్ గొట్టం ఇచ్చాడు, పీక్ ఫ్లో మీటరు. బలంగా ఊదితే ముల్లు ఎక్కడ ఆగుతుందో రాసుకోవాలి. రోజుకు నాలుగుసార్లు, పనిరోజుల్లోనూ సెలవుల్లోనూ, కొన్ని వారాలు. మేస్త్రి రంగుల బిల్లు పుస్తకం వెనకే రాశాడు. క్లియర్ కొట్టిన రోజు రాత్రి అంకెలు పడిపోయాయి, సెలవు పెట్టిన రోజుల్లో మెల్లగా లేచాయి. పెరుగు, పిల్లి, కాలవ గాలి అన్నీ నిర్దోషులుగా బయటపడ్డాయి.

ఇన్‌హేలర్ వాడుతూ ఇదే పని చేసుకోవచ్చా అని ఆయన అడిగాడట. కుదరదన్నాడు డాక్టరు. ఇలా ఒళ్లు తిరగబడ్డాక ఎంత త్వరగా దూరమైతే అంత మంచిది, ఆలస్యమైతే మానినా ఉబ్బసం మిగిలిపోతుంది. పక్కన వేరేవాళ్లు కొట్టినా మేస్త్రికి పట్టేస్తుంది. ఇప్పుడాయన స్పేరు పార్టుల కొట్లో కౌంటరు దగ్గర ఉన్నాడు. జీతం తగ్గింది.

వృత్తి వల్ల వచ్చే ఆస్తమా పరిహారం ఇవ్వాల్సిన జబ్బుగా చట్టం గుర్తించినదే. కానీ రేకుల షెడ్డు మేస్త్రికి హాజరు పట్టీ ఎక్కడిది? ఏ కాగితం చూపించి అడుగుతాడు? బేకరీలో మైదా దుమ్ము పీల్చేవాడిదీ, సోల్డరింగు రోజనం పొగ దగ్గర కూర్చునేవాడిదీ ఇదే గతి.

ఇప్పుడు నన్ను పట్టుకున్నది మేస్త్రి దగ్గర పని నేర్చిన కుర్రాడు. వాడి ముఖానికీ రుమాలే. బయటి నుంచి పైపు ద్వారా మంచి గాలి అందించే మాస్కు, గాలిని లాగేసే బూత్, చేతులకు గ్లవ్స్ ఉండాలి. మీ కారు గీసుకుపోయి మా షెడ్డుకు తెచ్చినప్పుడు బండి ఎప్పుడిస్తారని అడుగుతారు కదా, కుర్రాడికి గాలి మాస్కు ఉందా అని కూడా ఓనరును అడగండి. అడిగేవాళ్లు నలుగురైతే ఆయన కొంటాడు.