చవకగా పుట్టిన పాపం

రాస్‌ప్‌బెర్రీ పై అనే బోర్డు చేసిన నేరం ఒక్కటే. అది చవక.

2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ వాళ్ళు దాన్ని 35 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. బడి పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటారని వాళ్ళ ఆశ. ఏటీఎం కార్డంత కంప్యూటరు. పిల్లలెంతమంది నేర్చుకున్నారో గానీ, పాటల పిచ్చి ఉన్న వాళ్ళ నాన్నలు దాన్ని ఎత్తుకెళ్ళి స్టీరియో పక్కన పెట్టుకున్నారు. వోల్యూమియో అనో మూడ్ అనో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరును మెమరీ కార్డులోకి ఎక్కించి, బోర్డు మీది నలభై పిన్నులకి డిజిటల్ డేటాని ధ్వనిగా మార్చే డాక్ ఒకటి తగిలించి, అక్కణ్ణుంచి ఆంప్లిఫయరుకి వైరు లాగితే పని అయిపోయింది. సోఫాలో కూచుని ఫోన్ మీద వేలు పెడితే బాలమురళి పాడతాడు. బాగా పాడతాడు. పిట్ట కొంచెం, కూత ఘనం.

అక్కడే వచ్చింది చిక్కు. పాడకపోయినా బాగుండేది, చవక సరుకు అంతేలెమ్మని తీసిపారేసేవారు. లక్షలు పోసి, ఇదే పని చేసే స్ట్రీమర్ కొన్న పెద్దమనిషి ఎదుట అది జంకూ గొంకూ లేకుండా పాడేసింది. ఇక ఆడియోఫైల్ అని పిలుచుకునే ఈ దివ్యశ్రోతలకి మిగిలిన దారి ఒకటే: దాని చవకదనానికి వైద్యం చేయించడం.

వైద్యం అడాప్టరుతో మొదలవుతుంది. మామూలు అడాప్టరు కరెంటులో మలినాలుంటాయట. లీనియర్ పవర్ సప్లై కావాలి. దాని ధర బోర్డు ధరకి ఎన్నో రెట్లు. తర్వాత వెండి పూసిన యూఎస్‌బీ కేబులు. ఆ తర్వాత నెట్‌వర్క్ స్విచ్. ఆఫీసుల్లో బల్ల కింద దుమ్ము కొట్టుకుపోయి ఉంటుందే, ఆ డబ్బాయే. మందపాటి అల్యూమినియం తొడుగేసి, ఆడియో గ్రేడ్ అని చీటీ అంటిస్తే ధర చివర సున్నాలు మొలుస్తాయి. మెమరీ కార్డునీ వదల్లేదు. 2015లో సోనీ వాళ్ళు జపాన్‌లో సంగీతం కోసమే ప్రత్యేకమంటూ 64 జీబీ మైక్రోఎస్‌డీ కార్డు తెచ్చారు. చదివేటప్పుడు విద్యుత్ రొద తక్కువ పుట్టిస్తుందని చెప్పి దానికి 18,500 యెన్‌ల దాకా ధర పెట్టారు. పావలా కోడికి ముప్పావలా మసాలా అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడ కోడి పావలాదే, మసాలాకి మాత్రం పొలం అమ్మాలి.

ఇంతకీ ఆ వైర్లలో పోయేది పాట కాదు, అంకెలు. హైదరాబాదు నుంచి తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్లో డబ్బులేస్తే, అవి ఏ సందులో ఏ నాసిరకం వైరు మీదుగా పోయినా ఒక్క పైసా చెదరదు. దారిలో అంకె పాడైతే మళ్ళీ తెప్పించుకునే ఏర్పాటు నెట్‌వర్క్‌లోనే ఉంది. అదే వైరు మీద సుబ్బులక్ష్మి పాట పోతే మాత్రం తంబూరా పల్చబడుతుందట! పైగా ఇవాళ్టి యూఎస్‌బీ డాక్‌లలో చాలావాటికి గడియారం సొంతం. తనకి కావలసినప్పుడల్లా అంకెల్ని కంప్యూటర్నుంచి అడిగి తెప్పించుకుని, తన తాళానికే విప్పుకుంటుంది. రాస్‌ప్‌బెర్రీ పై చేసేది అందించడం వరకే.

మన పై బోర్డుకి జబ్బులు లేవని కాదు. పాత మోడళ్ళలోని హెడ్‌ఫోన్ జాక్‌తో ఓ పూట వింటే పాట మీదే విరక్తి పుడుతుంది. 2023లో వచ్చిన పై 5లో ఆ రంధ్రమే లేదు, పీడా పోయింది. పాట మధ్యలో కరెంటు పోతే మెమరీ కార్డు చెడిపోయి కథ మొదటికొచ్చే ప్రమాదమూ ఉంది. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇంట్లో యూఎస్‌బీ వైరు వెంట హుమ్మని రొద దిగవచ్చు, ఆప్టికల్ వైరు వాడితే ఆ దారి మూసుకుపోతుంది. ఇవన్నీ నిజమైన జబ్బులు, వాటికి చవకైన మందులు. అందుకే వీటి ఊసెవరూ ఎత్తరు.

ఇక అంకెల జాతర. 1982లో బజారుకొచ్చిన సీడీ, ధ్వనిని సెకనుకి 44,100 సార్లు, ప్రతిసారీ 16 బిట్లతో కొలుస్తుంది. మనిషి చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ దాకా అది సరిపోతుంది. దివ్యశ్రోతకి సరిపోదు. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ ఉంటే తప్ప ముద్ద దిగదు. డేటా ఆరున్నర రెట్లు. అందులో 96 కిలోహెర్ట్జ్ దాకా ధ్వని పడుతుంది, చూరులో గబ్బిలాలుంటే వాటికి కచేరీ. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇలాంటి సంగీతాన్నే ఓసారి ఉన్నదున్నట్టుగా, ఓసారి మధ్యలో సీడీ ప్రమాణానికి దించి వినిపించి, ఏది ఏదో పోల్చుకోమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వస్తాయి.

మనవాళ్ళ సంగతి మరీ ముచ్చట. 1951 నాటి ‘పాతాళభైరవి’ పాట 192లో తప్ప వినననే మహానుభావులున్నారు. ఆ రోజుల్లో రికార్డింగు మోనో. ఇంటికి చేరింది లక్క పలక మీద, నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ. అందులో ఉన్నది ఘంటసాల గొంతు, దాంతోపాటు సూది గీరుడు. గొంతు ఎప్పుడో కిందనే ఆగిపోతే, పై అంతస్తులన్నింట్లోనూ కాపురముండేది గీరుడే, అత్యున్నత నాణ్యతతో. యూట్యూబ్ నుంచి దించిన ఎంపీత్రీని, నాణ్యత పోగొట్టని ఫ్లాక్‌లోకి మార్చి, ఫోల్డరుకి లాస్‌లెస్ అని పేరు పెట్టుకునేవారి గురించి నేనేమీ మాట్లాడను.

డిజిటల్ పేరెత్తితేనే ముక్కు చిట్లించే శాఖ ఒకటుంది. వాళ్ళు ఎల్పీ తప్ప ముట్టరు. అమెరికాలోని మొబైల్ ఫిడెలిటీ సంస్థ అసలు మాస్టర్ టేపుల నుంచి తెచ్చే రికార్డులంటే వాళ్ళకి తీర్థప్రసాదాలు. 2011 నుంచే ఆ సంస్థ చాలా రికార్డులకి మధ్యలో ఒక డిజిటల్ మెట్టు వాడుతోందని 2022లో బయటపడింది. పదకొండేళ్ళపాటు వాటిలో అనలాగ్ మాధుర్యం విని తన్మయులైన చెవులకి అనుమానమైనా రాలేదు. వార్త వచ్చిన మర్నాటి నుంచి మాత్రం మెట్టు స్పష్టంగా వినిపించసాగింది. ఈ జాతికో వింత రోగం ఉంది లెండి: కళ్ళకి గంతలు కడితే చెవుడొస్తుంది.

చవక భక్తులు మాత్రం తక్కువ తిన్నారా? వాళ్ళకి ఆదివారం వస్తే కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించాలి. అది ఎక్కాక పాటల పట్టిక సర్దాలి. ఈ సాఫ్ట్‌వేర్లు ఆల్బమ్, ఆర్టిస్ట్ అనే రెండు గళ్ళలో లోకమంతా ఇముడుతుందని నమ్ముతాయి. మరి ‘మాయాబజార్’కి ఆర్టిస్టెవరు? పాడినవాళ్ళా? నాలుగు బాణీలు కట్టి తప్పుకున్న సాలూరి రాజేశ్వరరావా? మిగతా భారం మోసిన ఘంటసాలా? రాసిన పింగళా? ఒక్క ఘంటసాలే ఇంగ్లీషు స్పెల్లింగుల్లో నాలుగైదు అవతారాలెత్తి నాలుగైదు చోట్ల కూచుంటాడు. అర్ధరాత్రి దాకా ఆ గళ్ళు నింపి, ఒక్క పాటా వినకుండా పడుకుంటాడు భక్తుడు.

ఇంతా చేస్తే స్పీకర్లెక్కడ? ఒకటి షోకేసు పక్కన, రెండోది సోఫా వెనక. కింద నున్నటి టైల్స్, చుట్టూ బోసి గోడలు, గాజు తలుపులు. చప్పట్లు కొడితే గది తిరిగి కొడుతుంది. బాస్‌లో కొన్ని స్వరాలను గది పదేసి డెసిబెల్స్ పెంచేస్తుంది, కొన్నింటిని మింగేస్తుంది. మందపాటి పరదా వేసి, తివాచీ పరిచి, స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకి జరిపితే ఆ తేడా వంటింట్లో ఉన్నవాళ్ళకీ తెలుస్తుంది. కానీ పరదా గురించి నలుగురిలో ఏం గొప్ప చెప్పుకుంటాం? నెత్తిన ఫ్యాను ఐదులో తిరుగుతుంటే, దివ్యశ్రోత మాత్రం మీటరుకి కూడా సరిగా అందని రొద గురించి కుమిలిపోతుంటాడు.

అయినా పై బోర్డుకి మోక్షం లేకపోలేదు. కెనడాలోని బ్రైస్టన్ కంపెనీ దాన్ని అందమైన లోహపు పెట్టెలో పెట్టి, బీడీపీ-పై అని పేరులోనే నిజం ఒప్పేసుకుని, వెయ్యి డాలర్లు దాటిన ధరకి అమ్మింది. ప్రో-జెక్ట్ వాళ్ళ స్ట్రీమ్ బాక్స్ ఎస్2 అల్ట్రాలో ఉన్నదీ ఆ వంశపు బిడ్డే. మా ఎరికలో ఓ దివ్యశ్రోత అలాంటి పెట్టె ఒకటి కొని, అప్పటిదాకా వాడిన ఉత్త బోర్డును అటకెక్కించాడు. మొదటి పాటకే కళ్ళు మూసుకుని, “తెర తొలగిపోయింది గురువుగారూ” అన్నాడు. లోపలేముందో ఓసారి చూద్దామండీ అంటే మూత మీద చెయ్యి అడ్డం పెట్టాడు. విప్పితే వారంటీ పోతుందట.