సిప్పీఘాట్‌లో జూ చూడబోయేవారికి ఎనిమిది సూచనలు

జూ చూడటంలో తెలుగువారి అనుభవం తక్కువది కాదు. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో హైదరాబాద్ నెహ్రూ జూపార్కు 1963 అక్టోబరు 6న మొదలైంది. కంబాలకొండ అడవిని ఆనుకుని విశాఖ జూ 1977లో వచ్చింది. తిరుమల కొండల కింద తిరుపతి జూ సరేసరి. తాత భుజం మీదినుంచి ఏనుగును చూసిన పిల్లవాడు, తన మనవణ్ణి భుజానెత్తుకుని అదే ఎన్‌క్లోజర్ దగ్గరికి వెళ్లేంత చరిత్ర ఉంది మనకు. అందుచేత విశాఖలో ఓడెక్కి, రెండు రోజులకు పైగా బంగాళాఖాతం మీద ఊగి, పోర్ట్‌బ్లెయిర్‌లో దిగిన బావగారు, కాళ్లు కడుక్కోకముందే "ఇక్కడ జూ ఎక్కడోయ్?" అని అడిగితే తప్పు పట్టడానికి లేదు. ఆ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారిందని ఆయనకు ఇంకా తెలియదు. తెలిసినా అడిగేది జూ గురించే.

అడగడానికి మనుషులకు కొదవ లేదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి చేపల వేటకూ, కూలికీ, నౌకరీకీ వచ్చి స్థిరపడినవాళ్లు జంగ్లీఘాట్ లాంటి పేటల్లో ఎందరో. ఏదో ఒక ఇంట్లో ఒక బావమరిది తప్పక దొరుకుతాడు. అతను బావగారిని స్కూటరెక్కించి, గరాచర్మ దాటించి, సిప్పీఘాట్‌లో దింపుతాడు. అక్కడినుంచి ఏం చేయాలో తెలియక ఏ సందర్శకుడూ ఇబ్బంది పడకూడదనే ఈ సూచనలు.

ఒకటి: ముందు గేటు వెతకాలి

సిప్పీఘాట్‌కు గేటు లేదు. టికెట్ కౌంటరూ, బ్యాటరీ బండీ, ఐస్‌క్రీం బడ్డీ కూడా లేవు. ఊరి నుంచి సుమారు 14 కిలోమీటర్లు వచ్చాక, వండూర్ వెళ్లే దారి పక్కన నీళ్లూ బురదా గడ్డీ పరుచుకుని ఉంటాయి. అంతే. సందర్శకుడు ఇక్కడ నిరుత్సాహపడకూడదు. నడుం మీద చేతులు పెట్టుకుని "దీనికి ఇన్‌చార్జి ఎవరు?" అని గట్టిగా అడగాలి.

ఇన్‌చార్జి సముద్రం.

2004 డిసెంబరు 26కు ముందు ఇది వరిచేను. ఆ ఉదయం సుమత్రా దగ్గర పుట్టిన 9.1 తీవ్రత భూకంపం దక్షిణ అండమాన్ నేలను సుమారు ఒక మీటరు కిందికి కుంగదీసింది. అదే రోజు ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి పగడపు దిబ్బలు నీళ్లలోంచి బయటపడ్డాయి. సునామీ అల వచ్చి వెనక్కి పోయింది కానీ, నేలే దిగిపోయాక ఉప్పునీళ్లు వెనక్కి పోవడానికి దారి లేకపోయింది. మెయిన్‌ల్యాండ్‌లో ఒక ఎన్‌క్లోజర్ కట్టాలంటే ప్లాను, టెండరు, 1992లో ఏర్పడిన సెంట్రల్ జూ అథారిటీ అనుమతి, చివర్లో శంకుస్థాపన. ఇక్కడ ఇంత పెద్ద ఎన్‌క్లోజర్ కొబ్బరికాయ కొట్టకుండానే తయారైంది. స్థల సేకరణ కూడా ఎవరినీ అడగకుండానే జరిగింది. పోయింది రైతుల పొలం.

రెండు: తీరిగ్గా పదింటికి బయల్దేరాలి

ఇడ్లీ, ఉప్మా, రెండో విడత కాఫీ అయ్యాకే కదలడం మంచిది. భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. పోర్ట్‌బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. అంటే గడియారానికంటే సూర్యుడు సుమారు 40 నిమిషాలు ముందే డ్యూటీ ఎక్కుతాడు. ఐదూ ఐదున్నరకల్లా వెలుతురు వస్తుంది. పిట్టలు అప్పుడే టిఫిన్‌కు దిగుతాయి. పదిన్నరకు చేరే సందర్శకుడికి పిట్టలు కనబడవు కాని ఎండ మాత్రం పుష్కలంగా దొరుకుతుంది. "ఏమీ లేదు, అనవసరంగా వచ్చాం" అనడానికి ఇంతకంటే మంచి సమయం లేదు.

పోటు, ఆటు వేళలు కనుక్కోవడం కూడా అనవసరం. ఆటు వేళ నీళ్లు తీసి బురద బయటపడితే, అందులోని పురుగుల కోసం పిట్టలన్నీ ఒకచోట చేరతాయి. అప్పుడు వెళితే మరీ ఎక్కువ కనిపించి కళ్లు అలిసిపోతాయి.

మూడు: పులి ఎక్కడని అడగాలి

ఈ ఘట్టం సాధారణంగా ఇలా నడుస్తుంది.

"ఏదోయ్ పులి?"

"పులేటి బావా, ఇక్కడ పులెక్కడిది? మొసలున్నాది. దాన్ని మనం సూడక్కర్లేదు. అదే మనల్ని సూత్తాది."

బావమరిది మాటలో వెటకారం ఉన్నా అబద్ధం లేదు. అండమాన్ దీవులకు ప్రకృతి పులినీ సింహాన్నీ ఇవ్వలేదు, కోతినీ ఇవ్వలేదు. గబ్బిలాలు, ఎలుకలు, అడవిపంది, పునుగుపిల్లి వంటివాటితోనే స్థానిక క్షీరదాల జాబితా దాదాపు ముగుస్తుంది. మిగిలిన లోటు మనుషులు తీర్చారు. బ్రిటిష్‌వాళ్లు చుక్కల జింకల్ని తెచ్చి వదిలారు. తినే జంతువు లేక అవి పెరిగిపోతే, వాటిని అదుపు చేయడానికి 1950ల తొలినాళ్లలో చిరుతల్ని తెచ్చి వదిలారు. చిరుతలు నిలవలేదు, జింకలు నిలిచాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం దీవుల్ని పట్టుకున్న రోజుల్లో ఆఫ్రికా పెద్ద నత్త దిగింది. ఈనాటికీ తోటల్లో ఆకు మిగలనివ్వదు. కలప కంపెనీ ఒకటి 1962లో దివాలా తీసి ఇంటర్వ్యూ దీవిలో ఏనుగుల్ని వదిలేసి పోతే, అవి అడవి ఏనుగులైపోయాయి.

ఇన్ని జంతువుల్ని ఓడల్లో తెచ్చిన చరిత్ర ఉండగా, ఒక్క పులిని తేలేకపోయారా అని బావగారు అడగటం న్యాయమే.

నాలుగు: కనబడిన ప్రతిదాన్నీ కొంగ అనాలి

పేర్లు తెలుసుకోవడం మొదలుపెడితే దానికి అంతుండదు. తెల్లనివన్నీ కొంగలు, నల్లనివన్నీ కాకులు, నీళ్ల మీద తేలేవన్నీ బాతులు. ఈ మూడు మాటలతో సిప్పీఘాట్‌ను అరగంటలో ముగించవచ్చు.

చిక్కల్లా ఆ బాతుతోనే. కంటి చుట్టూ సున్నం పూసినట్టు తెల్లమచ్చ ఉన్న గోధుమరంగు బాతు ఇక్కడ కనిపిస్తే, అది అండమాన్ టీల్. ఈ దీవుల్లోనూ, ఉత్తరాన మయన్మార్‌కు చెందిన కోకో దీవుల్లోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా ఉండదు. చాలాకాలం దీన్ని ఇండోనేషియా బాతులోనే ఒక రకమని లెక్కేసి, తర్వాత వేరే జాతిగా గుర్తించారు. దీనికోసం విదేశాల నుంచి మనుషులు దుర్భిణీలు మెడకు తగిలించుకుని వచ్చి, ఈ బురద గట్టున గంటలకొద్దీ నిలబడతారు. బావగారు వాళ్లను కూడా కాసేపు చూడవచ్చు. టికెట్ లేదు.

చలికాలంలో వచ్చే ఉల్లంకి పిట్టల సంగతి మరీ విడ్డూరం. బంగారు చుక్కల ప్లవర్ సైబీరియా టండ్రాలో గుడ్లు పెట్టి, వేల కిలోమీటర్లు ఎగిరి, ఈ మునిగిన వరిచేలో దిగుతుంది. ముక్కు కొడవలిలా కిందికి వంగిన వింబ్రెల్ కూడా ఉత్తరాది చలిని తప్పించుకుని వచ్చేదే. ఓడలో రెండు రోజులకే వాంతులైన మనిషి వీటిని "ఇంతేనా" అన్నప్పుడు, అవి బురదలోంచి తల ఎత్తవు.

ఐదు: చిప్స్ ప్యాకెట్ తప్పనిసరి

జూకు వెళ్లి జంతువుకు ఏదీ పెట్టకుండా రావడం మన మర్యాదకు విరుద్ధం. చట్టం మాత్రం ఈ మర్యాదను అర్థం చేసుకోలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 38జె సెక్షన్ ప్రకారం జూలో జంతువును ఏడిపించడం, గాయపరచడం, దానికి తిండి పెట్టడం, గోల చేసి కలత పెట్టడం, చెత్త వేయడం అన్నీ నేరాలు. జైలుకు కూడా పంపవచ్చు. అంటే ఒక సగటు ఆదివారం కార్యక్రమం మొత్తాన్ని శాసనకర్తలు ఒకే వాక్యంలో నిషేధించారు.

సిప్పీఘాట్ జూ కాదు గనుక ఆ సెక్షన్ ఇక్కడ వర్తించదని బావగారు వాదించవచ్చు. బాతు వాదనకు నిలవదు, ఎగిరిపోతుంది. ప్యాకెట్ మాత్రం నీళ్లలో ఉంటుంది. ఆటు వేళ సముద్రంలోకి వెళ్లి, పోటుతో మళ్లీ అదే గట్టుకు తిరిగి వస్తుంది. ఈ ఎన్‌క్లోజర్‌లో పిలవకుండా దగ్గరికొచ్చే ప్రాణి అదొక్కటే.

ఆరు: ఈల వేయాలి, సెల్ఫీకి ముందుకు జరగాలి

పడుకున్న సింహం డబ్బులు దండగ అనే భావం ప్రతి జూలోనూ ఉంది. ఈలలు, చప్పట్లు, "ఓయ్" అనే కేకలు అందుకే. మృగరాజు రోజులో అధిక భాగం నిద్రలోనే గడుపుతుందనీ, అది దాని ఉద్యోగ ధర్మమనీ ఎవరూ చెప్పరు. 2021 మే నెలలో నెహ్రూ జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్టు పరీక్షల్లో తేలినప్పుడు, దూరం పాటించాల్సింది ఎవరి నుంచి ఎవరు అనే ప్రశ్నకు సమాధానం సింహాలకే ముందు తెలిసింది.

ముందుకు జరగడం గురించి మాత్రం ఛలోక్తి ఆడటానికి లేదు. 2014 సెప్టెంబరులో ఢిల్లీ జూలో ఒక యువకుడు తెల్లపులి ఉన్న కందకంలో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. 2024 ఫిబ్రవరి 15న తిరుపతి జూలో ఒక వ్యక్తి హద్దు దాటి సింహం ఉన్నచోటికి దిగి చనిపోయాడు. రెండు చోట్లా అడ్డు ఉంది. సిప్పీఘాట్‌లో గోడా లేదు, కందకమూ లేదు.

ఏడు: బోనులో దిగాలి

దీవుల్లో మొసలి హెచ్చరిక బోర్డులు చాలా చోట్ల కనిపిస్తాయి. బోర్డు పక్కన నిలబడి నవ్వుతూ ఫొటో తీసుకోవడం ఆచారం. బోర్డులో ఉన్నది ఉప్పునీటి మొసలి. బతికున్న సరీసృపాల్లో అన్నిటికన్నా పెద్దది, ఆరు మీటర్ల దాకా పెరగగలదు. మన దేశంలో ఒడిశా భితర్‌కనికలో, సుందర్‌బన్స్‌లో, ఈ దీవుల్లో ఉంటుంది. మడ అడవుల పాయలు దాని వీధులు. 2010 ఏప్రిల్‌లో హేవ్‌లాక్ దీవి దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ యువతి మొసలి దాడిలో మరణించింది.

కొన్ని బీచ్‌లలో స్నానానికి వల కట్టి హద్దు చేశారు. సిప్పీఘాట్ దారిలోనే ముందుకు పోతే వండూర్‌లో ఇలాంటిది చూడవచ్చు. సందర్శకులు వల లోపల ఈదాలి. మొసలి వల బయట ఉంటుంది. దానికి పని లేనప్పుడు వచ్చి చూసుకోవచ్చు. కన్నెత్తి చూడలేదని అది ఇంతవరకూ ఈల వేసిన దాఖలా లేదు.

మొసలి లోపల, తాను బయట ఉండే పాత పద్ధతే కావాలనుకునే సంప్రదాయవాదుల కోసం దక్షిణ కొసన చిడియాటాపులో బయలాజికల్ పార్కు ఉంది. ఉప్పునీటి మొసలి, అడవిపంది, నీటి ఉడుము వంటి దీవి జంతువుల్ని అక్కడ నిబ్బరంగా చూడవచ్చు. అక్కడ 38జె నిక్షేపంగా వర్తిస్తుంది.

ఎనిమిది: ఈ ఒక్కటీ వ్యంగ్యం కాదు

జింకకు బిస్కెట్ విసిరిన చెయ్యి అక్కడితో ఆగలేదు. అండమాన్ ట్రంక్ రోడ్డు జారవా ఆదివాసుల రిజర్వు మధ్యగా పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి వాహనాలు బారులు కట్టి పోలీసుల వెంట వెళ్లాలి. ఆ దారిలో పర్యాటకులు కిటికీల్లోంచి బిస్కెట్లు విసిరారు, కెమెరాలు తీశారు. తిండి ఎర చూపి జారవా స్త్రీలను నాట్యం చేయించిన వీడియోను బ్రిటిష్ పత్రిక ది అబ్జర్వర్ 2012 జనవరిలో బయటపెట్టింది. దేశమంతా దాన్ని "మానవ సఫారీ" అంది. వాళ్లు కొన్ని వందల మంది మనుషులు, దారి కంటే, కాలాపానీ జైలు కంటే ముందునుంచీ ఉన్న ఆ అడవి యజమానులు. వాళ్ల ఫొటో తీయడం, తిండి ఇవ్వడం నేరం. బారాటాంగ్ దీవికి వెళ్లేవారు ఆ దారిలో కిటికీ అద్దాలు ఎత్తి, ఫోను సంచిలో పెట్టి, ఆగకుండా పోవాలి.

పై ఏడు సూచనలూ పాటించకుండా సిప్పీఘాట్ చూడాలనే మొండివారికి కొన్ని వివరాలు. అక్టోబరు నుంచి మార్చి వరకూ వలస పిట్టలుంటాయి. తెల్లవారగానే, ఆటు వేళ చూసుకుని రావాలి. దుర్భిణీ ఉంటే మంచిది. రోడ్డు మీదనుంచే చూడాలి, నీటి అంచుకు దిగకూడదు. డిసెంబరులో ఐదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. సాయంత్రం వేళ అయిపోయిందని ఈల వేసి అందర్నీ బయటికి పంపే కాపలాదారు ఇక్కడ లేడు. కనుక చీకటి పడకముందే బావమరిది స్కూటరు స్టార్టు చేయాలి.