గరిక కోసే యంత్రాన్ని

నేను గడ్డి కోసే యంత్రాన్ని. డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఒక ఊళ్లో, ఒక తెలుగువాళ్ల గ్యారేజీలో, రెండు కార్ల వెనక గోడవార నా చోటు. ఒక్క సిలిండరు పెట్రోలు ఇంజను, దాని కింద నిమిషానికి మూడు వేల చుట్ల దాకా తిరిగే ఉక్కు బ్లేడు, నాలుగు చక్రాలు, లాగడానికొక తాడు. ఏప్రిల్‌లో నేల పచ్చబడితే నా పని మొదలు. నవంబరు మంచుకు గడ్డి ఎండుగోధుమ రంగుకి తిరిగితే నాకు సెలవు.

ఇక్కడి పచ్చికలో ఎక్కువ భాగం బెర్ముడా గడ్డి. మా యజమాని తల్లి తెనాలి నుంచి వచ్చిన మొదటివారంలోనే వంగి ఒక పోచ తుంచి, "ఇది గరికేరా అబ్బాయ్, చవితికి వినాయకుడికి పెట్టేది" అంది. ఆమె చెప్పింది నిజం. అక్కడ చేలో కలుపని పీకి గట్టున పారేసే గడ్డికి ఇక్కడ నీళ్లు పెట్టి, ఎరువు వేసి, వారం వారం కోస్తారు. కోయకపోతే ఉత్తరం వస్తుంది.

ఆ ఉత్తరం పంపేది హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం. ఇక్కడ ఇల్లు కొంటే రిజిస్ట్రేషన్ కాగితాలతోపాటు సంఘం నియమాల కట్ట కూడా చేతికొస్తుంది. నాకిష్టం లేదు, నేను చేరను అనడానికి వీల్లేదు. ఇల్లు కొన్నవాళ్లంతా సభ్యులే. గడ్డి ఎత్తు, కంచె రంగు, చెత్తడబ్బా ఏ పూట బయట పెట్టాలి, ఇంటికి ఏ రంగు వేయాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. చందా కట్టకపోతే ఆ బాకీ మనిషిమీద ఆగదు, ఇంటిమీదికి వస్తుంది.

అది ఎంతదాకా పోగలదో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. 2009లో ఇక్కడి ఫ్రిస్కోలో, ఇరాక్‌లో సైనిక విధుల్లో ఉన్న ఒక అధికారి ఇల్లు, సంఘానికి వెయ్యి డాలర్లు కూడా లేని బాకీ కింద వేలానికి పోయింది. దాదాపు 3 లక్షల డాలర్ల ఇల్లు, బ్యాంకు అప్పంతా తీరిన ఇల్లు, మూడు వేల పైచిలుకు డాలర్లకు చేతులు మారింది. ఉత్తరాలు వచ్చాయి గాని విప్పి చూసినవాళ్లు లేరు. కోర్టుకెక్కాక రాజీలో ఇల్లు తిరిగొచ్చింది. 2011లో టెక్సాస్ శాసనసభ చట్టాన్ని బిగించింది. ఇప్పుడు కోర్టు ఉత్తర్వు లేకుండా సంఘం ఇల్లు వేలం వేయలేదు. వట్టి జరిమానాల కోసమైతే అసలే వేయకూడదు. మా గుమ్మానికి వేలాడే మామిడి తోరణం వెనక కూడా ఒక చట్టం ఉంది. 2011లో గుమ్మానికి మతసంబంధమైన వస్తువు 25 చదరపు అంగుళాల లోపు కట్టుకోవచ్చన్నారు. 2021లో ఆ కొలత కూడా తీసేశారు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, మా గ్యారేజీలో నా తలమీద అలమారా ఉంది. సంఘం ఉత్తరాలన్నీ అందులోనే పడేస్తారు. మాట్లాడుకోవడం కూడా అక్కడే. ఎదురింటి పెద్దాయన, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన నల్లజాతి మనిషి, సాయంత్రం పూట వచ్చి మడతకుర్చీలో కూర్చుంటాడు. ఆయన చెప్పిన సంగతొకటి నా ఇనుములో దిగిపోయింది. ఇప్పుడు గడ్డి గురించి రాసినట్టే, ఒకప్పుడు ఆ కాగితాల్లో ఫలానా జాతివాళ్లకు ఈ ఇల్లు అమ్మకూడదని రాసేవాళ్లట. నల్లవాళ్లు రాకూడదు, చాలాచోట్ల ఆసియావాళ్లూ రాకూడదు. 1948లో సుప్రీంకోర్టు, షెల్లీ కేసులో, ఆ షరతుల్ని ఏ కోర్టూ అమలు చేయకూడదని చెప్పింది. 1968లో చట్టమే వాటిని నిషేధించింది. ఆయన తండ్రి సంపాదన ఉండి కూడా కోరుకున్న వీధిలో ఇల్లు కొనలేకపోయాడు. "కాగితానికి కళ్లుండవు, చదివేవాడికి ఉండాలి" అని ఆయన ఇంగ్లీషులో అన్న మాటని మా ఇంటావిడ, అత్తగారైన పెద్దావిడకు తెలుగులో చెప్పింది.

ఇక పక్కింటి సంగతి. అక్కడ ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. భర్త పోయాక కూడా తోట బాగానే చూసుకునేది. ఒక వసంతంలో ఆ ఇంట్లో యంత్రం చప్పుడు ఆగిపోయింది. మే నెలకి గరిక మోకాలెత్తు లేచింది. దాంట్లోంచి తుంగ తలలెత్తింది, కంచెవార జొన్నజాతి గడ్డి కంకి తీసింది. ఇక్కడి నేల నల్లరేగడి. ఎండకు కుంచించుకుని నోళ్లు తెరుస్తుంది. పునాది కదలకుండా ఇంటిచుట్టూ నేలకు నీళ్లు పెడుతుండాలి. పెట్టేవాళ్లు లేక ఆ ఇంటి ఇటుకగోడమీద మెట్లుమెట్లుగా చీలిక పాకింది. వెనక ఈతకొలను పచ్చగా మురిగింది.

దాన్ని తేలిగ్గా తీసుకోమని నేననను. దోమలు మా పెరట్లోకి వచ్చాయి. డల్లాస్ ప్రాంతంలో నిలవనీళ్లంటే జనానికి భయం ఉత్తపుణ్యానికి పుట్టలేదు. 2012 ఆగస్టులో వెస్ట్ నైల్ జ్వరాలు ముదిరి అత్యవసర పరిస్థితి ప్రకటించి, 1966 తరవాత మళ్లీ అప్పుడే విమానాలతో మందు చల్లారు. కంచె కింద నుంచి ఎలకలు దూరాయి. రెండిళ్ల అవతల అమ్మకానికి పెట్టిన ఇంటిని చూడ్డానికొచ్చినవాళ్లు ఈ అడవిని చూసి కారు దిగకుండానే వెళ్లిపోయారు. ఇంటావిడ, "ఏమండీ, పిల్లల్ని వెనక పెరట్లోకి పంపలేకపోతున్నాను, ఏదో ఒకటి చెయ్యండి" అంది. ఆమె కోపం న్యాయమైనదే. పాడుపడ్డ ఇంటి బరువు మోసేది పక్కవాళ్లే.

సంఘం చేయవలసింది చేస్తూనే ఉంది. మొదట మామూలు ఉత్తరం, తరవాత రిజిస్టరు ఉత్తరం, ఆపైన జరిమానా. నగరం దగ్గరా అధికారం ఉంది. డల్లాస్ నగర నియమంలో గడ్డి 12 అంగుళాలు మించకూడదు. 48 అంగుళాలు దాటి తక్షణ ప్రమాదంగా మారితే ముందస్తు నోటీసు లేకుండానే నగరం కోయించి ఖర్చు ఇంటిమీద వేయొచ్చని టెక్సాస్ ఆరోగ్య చట్టం అంటుంది. ఇన్ని అధికారాల్లో ఆ ఇంటి గంట మోగించే పని ఎవరికీ అప్పగించలేదు.

పెద్దావిడ ఒకరోజు గ్యారేజీలో కూర్చుని బెండకాయలు తరుగుతూ, "ఆ గడ్డి సంగతి సరే, ఆమె ఏదిరా? నేనొచ్చాక ఒక్కసారి కూడా చూళ్లేదు" అంది. మా యజమాని దగ్గర జవాబు లేదు. ఎదురింటాయన దగ్గర ఉంది. ఆమె మార్చిలో స్నానాలగదిలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి నుంచి నడక నేర్పే కేంద్రానికి తరలించారు. కొడుకు ఒహాయోలో ఉంటాడు, అతని ఫోను నంబరు ఈయన డైరీలో ఉంది. రిజిస్టరు ఉత్తరాలు సంతకం పెట్టే మనిషి లేక తిరిగి పోయాయి.

ఆ సాయంత్రమే ఫోను చేశారు. కొడుకు గొంతు పూడుకుపోయిందట. సంఘం ఒకటుందని అతనికి గుర్తే లేదు, తల్లి కోలుకోవడం ఒక్కటే మనసులో ఉంది. కోసుకోమని అనుమతి ఇచ్చాడు.

మర్నాడు నన్ను ఆ ఇంటి హద్దు దాటించారు. అంత ఎత్తు గడ్డిని ఒక్క కోతలో నేలకు దించకూడదు. ఒక్కసారికి మూడోవంతుకి మించి కోస్తే వేరు ఎండ తట్టుకోలేదు. నా చక్రాల మీట పై గంటుకి ఎత్తి, అరఅడుగు వెడల్పున మెల్లిగా తోశారు. తడిగడ్డి బ్లేడుకు చుట్టుకుని పదే పదే ఆగిపోయాను. లోపల దాగిన నీటిగొట్టం మూతొకటి తగిలి అంచు వంగింది, ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. వారం ఆగి ఇంకో కోత. కొలను ఖాళీ చేయించడానికి కొడుకు డబ్బు పంపాడు.

ఆ పని మధ్యలోనే మా యజమానికి ఇండియా నుంచి ఫోను వచ్చింది. గన్నవరం దగ్గర ఆయనకొక ప్లాటుంది. కాలనీ సంఘం కార్యదర్శి, "బాబూ, మీ స్థలంలో సర్కారుతుమ్మ మొలిచి పాములు తిరుగుతున్నాయి, పక్కవాళ్లు పిల్లల్ని బయటికి పంపడం మానేశారు" అన్నాడు. ఆయన చాలాసేపు నా పిడి పట్టుకుని నిలబడ్డాడు. తరవాత జేసీబీకి డబ్బు పంపి, ఏటా రెండుసార్లు శుభ్రం చేయించే ఏర్పాటు చేశాడు. పాడుబెట్టినవాళ్లలో ఎక్కువమంది నిర్లక్ష్యపరులు కారు. దూరంగా ఉన్నవాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, దుఃఖంలో ఉన్నవాళ్లు. నా అభిప్రాయం ఇది, మారదు.

టెక్సాస్ చట్టం ప్రకారం జరిమానా పడ్డవాళ్లు బోర్డు ముందు విచారణ కోరవచ్చు. కొడుకు కోరాడు. మా యజమాని, ఎదురింటాయన వెళ్లి కూర్చున్నారు. బోర్డువాళ్లు చెడ్డవాళ్లేం కాదు, జీతం లేకుండా సాయంత్రాలు ధారపోసేవాళ్లు, వాళ్లకూ ఆమె సంగతి అప్పటిదాకా తెలియదు. జరిమానా మాఫీ చేశారు. ఉత్తరాల ఖర్చు మాత్రం సంఘం పనులు చూసే నిర్వాహక సంస్థకు చెల్లించక తప్పలేదు. ఆమె శరదృతువులో చేతికర్రతో ఇంటికొచ్చింది. మరుసటేడు ఇల్లమ్మి కొడుకు దగ్గరకు వెళ్లిపోయింది.

ఈ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు ఇళ్లు వీధి వీధినా ఉన్నాయి. సంఘం వార్షిక సమావేశానికి వచ్చేవాళ్లు మాత్రం వేళ్లమీద లెక్కకొస్తారు. బోర్డు సమావేశాలు సభ్యులందరికీ తెరిచి ఉండాలని చట్టమే చెబుతోంది. వెళ్లండి. వెళ్లి ఒక్క నియమం రాయించండి: మొదటి జరిమానాకి ముందు, ఎవరో ఒకరు ఆ ఇంటి గంట మోగించాలి. తలుపు తీయకపోతే ఇరుగుపొరుగుని అడిగి మనిషి ఆచూకీ కనుక్కోవాలి.