లెక్క ముందు, గ్లాసు తర్వాత

మా రోజుల్లో బెంగళూరులో మందు తాగడానికి బయల్దేరినవాడు ముందు జేబు తడుముకునేవాడు. అందులో ఎంతుందో చూసుకున్నాకే ఎక్కడికి పోవాలన్నది తేలేది. ఇప్పటి పిల్లలు ముందు చోటు ఎంచుకుంటారు, తర్వాత తాగుతారు, అంతా అయ్యాక అర్ధరాత్రి బిల్లు చూస్తారు. ఈ వరస తిరగబడటమే నా బాధ. తాగుడు మంచిదా చెడ్డదా అన్న తగువుకు నేను రాలేదు. పదో తేదీకే ఖాతా ఊడ్చేసుకుని, మిగతా నెలంతా క్రెడిట్ కార్డు మీద బతికే పిల్లలు మా ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లను చూస్తూ ఊరుకోలేక ఈ నాలుగు మాటలు.

మేం అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలకు వచ్చినవాళ్లం. హెచ్‌ఏఎల్, ఐటీఐ, బీఈఎల్, హెచ్‌ఎంటీ, ఎందులో చూసినా మనవాళ్లు ఉండేవాళ్లు. జీతం కవర్లో పెట్టి చేతికిచ్చేవాళ్లు. ఆ కవరు ఇంటికి చేరేది. బాడుగ, బియ్యం, చీటీ కంతు, ఊళ్లో పెద్దవాళ్లకు మనియార్డరు పోగా మిగిలిందే మగాడి చేతి ఖర్చు. అందులోంచే మందు.

నలుగురం కలిస్తే బారు గుమ్మం బయటే నిలబడి తలా ఇంత తీసి ఒకడి చేతిలో పెట్టేవాళ్లం. ఆ రాత్రికి వాడే ఖజానా. ఆ పనికి ఎప్పుడూ అందరికంటే తక్కువ తాగేవాణ్ని, మొహమాటం లేనివాణ్ని ఎంచుకునేవాళ్లం. సప్లయర్‌తో మాట్లాడేది వాడొక్కడే. ‘ఒక హాఫు, నాలుగు సోడాలు, రెండు ప్లేట్లు చెనిక్కాయలు’ అని చెప్పి చేతిలో ఉన్నది లెక్క చూసుకునేవాడు. ఖాళీ సీసాలు బల్ల మీంచి తీయనిచ్చేవాళ్లం కాదు. చివర్లో సప్లయరూ మేమూ కలిసి సీసాలు ఎంచితే అదే బిల్లు, తగాదా లేదు. డబ్బు అయిపోతే రాత్రి అయిపోయినట్టే. ఇంకో క్వార్టరు తాగాలని ఎంత ఉన్నా, ఇచ్చే చెయ్యి ఖాళీ. ఇవతల చివరి సిటీ బస్సు వేళ కూడా అవుతుండేది.

కొలత కూడా కళ్లెదుట ఉండేది. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు, సీసా ఖాళీ అయితే క్వార్టరు అయింది, అంతే. ఇప్పుడు 30 మిల్లీలీటర్ల చొప్పున ఐసుముక్కల మధ్య పోసి తెస్తారు. ఖాళీ గ్లాసు అలా పెట్టగానే ఎత్తుకుపోతారు. ఎన్ని తాగాడో తాగినవాడికే గుర్తుండదు. 750 మిల్లీలీటర్ల ఫుల్ బాటిల్లో 30 మిల్లీలీటర్ల పెగ్గులు 25 వస్తాయి. పెగ్గు 400 రూపాయలు అనుకోండి, బాటిల్ 10,000 అయింది. అదే బాటిల్ వైన్ షాపులో ఎంతకు దొరుకుతుందో ఒక్కసారి కనుక్కుని రండి. ఆ తేడా దీపాలకీ పాటలకీ కుర్చీలకీ పోతోంది. అది తెలిసి ఇస్తే నాకేం అభ్యంతరం లేదు. తెలియకుండా ఇవ్వడమే అన్యాయం.

ఈ ఊరికి పబ్బుల ఊరని పేరొచ్చింది నిన్నా మొన్నా కాదు. 1980ల చివరికే చర్చి స్ట్రీటు, రెసిడెన్సీ రోడ్డు చుట్టుపక్కల పబ్బులు మొదలయ్యాయి. రెస్ట్‌హౌస్ రోడ్డులో పెకోస్ వచ్చింది 1989లో. చర్చి స్ట్రీట్‌లో నాసా అని ఒకటుండేది, లోపలంతా అంతరిక్ష నౌకలా కట్టారు. ఇప్పుడు యూబీ సిటీ ఉన్నచోట అప్పట్లో బీరు ఫ్యాక్టరీయే ఉండేది. అయినా ఆ పబ్బుల్లో కుర్రవాళ్లు బీరు పిచ్చర్ చెప్పి మగ్గుల్లో పంచుకునేవాళ్లు. పిచ్చర్ బల్ల మధ్యలో ఉంటుంది, ఎంత మిగిలిందో అందరికీ కనిపిస్తుంది. అది ఖాళీ అయ్యాక మళ్లీ డబ్బులు పోగేసుకోవాలి. అక్కడ ఒక నిమిషం ఆగేవాళ్లు. ఆ నిమిషంలోనే సగంమంది ఇంటిదారి పట్టేవాళ్లు.

ఇందిరానగర్‌లో టాయిట్ అనే బ్రూపబ్బు 2010లో తెరిచారు. ఆ తర్వాత ఊరంతా అక్కడికక్కడే బీరు కాచే చోట్లు వెలిశాయి. ఆ బీరును నేనేమీ అనను, తాజాగా ఉంటుంది. నా తగువంతా డబ్బు తీసుకునే పద్ధతితో. మెనూ ఫోన్లో, ఆర్డరు ఫోన్లో, లెక్క ఎక్కడో కంప్యూటర్లో. 2016లో యూపీఐ వచ్చాక జేబు తేలికపడటం అన్నదే చేతికి తెలియకుండా పోయింది. మా చేతిలో పది రూపాయల కాగితం నలిగేది, ఇచ్చేటప్పుడు మనసులో చురుక్కుమనేది. ఆ చురుకు ఇప్పుడు లేదు.

ఇంకా కోపం తెప్పించేది కాంట్రి, అంటే ఖర్చును తలా ఇంత అని పంచుకోవడం. మేం ముందు వేసుకున్నదే వీళ్లు తర్వాత వేసుకుంటారు. మా అక్క మనవడు మారతహళ్లి వైపు ఉద్యోగం చేస్తాడు. వాళ్ల ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని పోయి, ఒక లైమ్ సోడా తాగి, ఒక ప్లేటు గోబీ మంచూరియా తిన్నాడు. మర్నాడు పొద్దున ఫోన్లో మెసేజి వచ్చింది, మొత్తం బిల్లును తలలతో భాగించి అతని వాటా 2,300 అని. ‘ఇదేంట్రా, నువ్వు తాగలేదని చెప్పలేకపోయావా?’ అన్నాను. ‘చెప్తే బాగోదు తాతా, పిసినారి అంటారు’ అన్నాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లవాడి మొహమాటాన్ని వాడుకుని, ఎక్కువ జీతగాళ్లు తమ ఖరీదైన విస్కీకి వాడిచేత డబ్బు కట్టించడం పద్ధతేనా? మా జట్టులో తాగనివాడి దగ్గర చెనిక్కాయల డబ్బు కూడా తీసుకునేవాళ్లం కాదు.

బిల్లు వచ్చాకైనా చదవరు. చీకట్లో ఫోను చూపించి కట్టేస్తారు. తాగే మద్యం జీఎస్టీ కిందికి రాదని, మిగతావాటికే జీఎస్టీ వేయాలని ఎంతమందికి తెలుసు? సర్వీస్ ఛార్జిని బిల్లులో వాళ్లంతట వాళ్లే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అది సరైనదే అంది. కలిపారా, తీసెయ్యమనండి. అడగడం నామోషీ కాదు.

వన్ ప్లస్ వన్ అంటారు సాయంత్రం పూట. ఒకటి చాలనుకుని వచ్చినవాడు రెండు తాగి, ఆ హుషారులో మామూలు ధరకు ఇంకో మూడు తాగుతాడు. ఇదివరకు పదకొండున్నరకు షట్టరు దించేవాళ్లు. 2014లో శుక్ర, శనివారాలకు ఒంటిగంట దాకా ఒప్పుకున్నారు. ఇప్పుడు వారమంతా అంతే. చివరి గంటలో తాగేది ఎవరికీ గుర్తుండదు, డబ్బు మాత్రం దానికీ పోతుంది. ఆ వేళకు క్యాబు రేటు రెట్టింపు చూపిస్తుంది. అది చూసి బండి తీశారా, తాగి నడిపినందుకు మొదటిసారే 10,000 జరిమానా, లేదా జైలు. ప్రాణం సంగతి సరేసరి.

మా కాలమంతా బంగారమని చెప్పను. జీతాల రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర వడ్డీవాళ్లు కాచుకుని ఉండేవాళ్లు. కవరు ఇంటికి చేరకముందే సారా దుకాణంలో సగం చేసినవాళ్లు ఉన్నారు, వాళ్ల భార్యలు పిల్లల్ని చంకనేసుకుని గేటు దగ్గర నిలబడేవాళ్లు. ఆ కడుపుమంటే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ల ఉద్యమమైంది, 1993లో ఆంధ్రలో సారా ఆగింది. కర్ణాటకలో 2007 జులై దాకా ప్యాకెట్లలో అమ్మారు. 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టాక మన సరిహద్దు ఊళ్లవాళ్లు ఈ వైపు వచ్చి తాగిపోయేవాళ్లు. అందుకే చెబుతున్నాను, డబ్బు ఇంటికి చేరాకే మందు అన్న నియమం మాకు ఊరికే రాలేదు. ఎన్నో కొంపలు కూలగా చూసి నేర్చుకున్నది.

మా అక్క మనవడికి ఇలా చెప్పాను. ఆ రాత్రికి ఇంత అని నోట్లు తీసుకుని పో, పిన్ను కొట్టే ఫోనును క్యాబుకు తప్ప బయటికి తీయకు. కూర్చోగానే ‘నాది విడిగా రాయండి’ అని సప్లయర్‌తో చెప్పు, బిల్లు వచ్చాక చెబితే తగువు, ముందే చెబితే మర్యాద. అన్నం తిని పో. రెండో రౌండు చెప్పేముందే ఇప్పటిదాకా ఎంతైందో అడుగు.

ఈ చివరిది నిజానికి పిల్లలు అడగాల్సిన పని కాదు. పబ్బులవాళ్ల కంప్యూటర్లో ప్రతి గ్లాసూ వచ్చిన నిమిషానికే నమోదవుతుంది. ఫోన్లో మెనూ చూపించగలిగినవాళ్లు, ఆ మెనూ పక్కనే ఇప్పటిదాకా అయిన మొత్తం కూడా చూపించవచ్చు. ఆటోలో మీటరు ఉండాలని చట్టం పెట్టిన ప్రభుత్వం, మూడు నాలుగు వేలు తీసుకునే బల్ల మీద మీటరు ఎందుకు పెట్టించదు? ఎక్సైజు శాఖవాళ్లు లైసెన్సు ఇచ్చేటప్పుడే ఈ షరతు రాయాలి.