సర్వీసు చాల్లేదట!

మొత్తానికి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు స్టెర్లింగ్ షార్ప్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు బంగారు రంగు కోటు తొడిగారు. ఆ హాలున్న కాంటన్‌లో కంచు విగ్రహమూ పెట్టారు. ఇక మనవాళ్ళు ఊరుకుంటారా? డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగింటి పెరట్లో గ్రిల్ వెలిగించినా చికెన్ కంటే ముందు ఇదే మాడుతోంది: "ఏడేళ్ళు ఆడినవాడికి హాల్ ఆఫ్ ఫేమా? ఇక దానికి విలువేముంది?" ఇలా అడిగేవాళ్ళలో సగం మంది ఆ బంతి కోలగా ఎందుకుంటుందని నిన్న మొన్నటిదాకా అడిగినవాళ్ళే. పోనీలెండి, అభిప్రాయానికి గ్రీన్ కార్డు అక్కర్లేదు.

మా వీధిలో ఒక అన్నగారున్నారు. ఆదివారం డాలస్ కౌబాయ్స్ జెర్సీ వేసుకోకుండా పాల ప్యాకెట్టుకు కూడా బయటికి రారు. "చూడు తమ్ముడూ, మెరవడం కాదు, నిలబడ్డం గొప్ప" అన్నారు మొన్న. 1994 థ్యాంక్స్‌గివింగ్ నాడు ఇదే షార్ప్ కౌబాయ్స్ మీద నాలుగు టచ్‌డౌన్లు కొట్టాడు కదన్నా అని గుర్తుచేశాను. "కొడితే? గెలిచింది మేమేగా!" అన్నారు. నిజమే, 42–31. ఆ "మేము" గెలిచిన నాడు అన్నగారు విజయవాడలో ఇంటర్ చదువుతున్నారు.

ఈ నిలబడ్డం అనే మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. తర్వాత తట్టింది. మన ఆఫీసుల్లో పదవీ విరమణ సభలు చూశారుగా! శాలువా, గులాబీల దండ, వెంకటేశ్వరస్వామి ఫొటో, పక్కన కుర్చీలో భార్య. వక్త తర్వాత వక్త లేచి మైకు తట్టి చూసుకుని ఒకటే మాట: ముప్పై నాలుగేళ్ళ సుదీర్ఘ సేవ, ఒక్క మెమో లేదు, ఒక్క రిమార్కు లేదు. ఆయన ఎన్నాళ్ళు పనిచేశారో అందరూ చెబుతారు. ఏం పనిచేశారో ఒక్కరూ చెప్పరు. చెప్పాలంటే వాళ్ళకూ తెలియాలిగా!

కాంటన్ హాలును మన ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి అప్పగిస్తే సరి, అన్నగారి బెంగ తీరిపోతుంది. గేల్ సేయర్స్ ఫైలు వస్తుంది. షికాగో బేర్స్, 1965లో విధుల్లో చేరిక. మొత్తం హాజరు 68 మ్యాచులు. "అర్హత సర్వీసు చాలనందున తిప్పి పంపడమైనది" అని ఎర్ర సిరాతో ఒక గీత. సార్, చేరిన ఏడాదే 22 టచ్‌డౌన్లు చేశాడండీ, డిసెంబరు 12న బురదలో మిగతావాళ్ళు జారిపడుతుంటే ఒక్కడే ఆరు చేశాడండీ అని ఎవరో గొణుగుతారు. ఒకేరోజు ఆరు చేసినంత మాత్రాన ప్రత్యేక ఇంక్రిమెంటుకు నిబంధనల్లో వీలు లేదు. మోకాలు పోయాక మళ్ళీ వచ్చి 1969లో లీగ్ మొత్తంలో ఎక్కువ గజాలు పరిగెత్తాడా? మెడికల్ సర్టిఫికెట్టు జతపరచలేదు.

తర్వాత టెరెల్ డేవిస్. 1995 డ్రాఫ్టులో 196వ పేరు, అంటే దాదాపు వెయిటింగ్ లిస్టు. 1998లో 2,008 గజాలు. సెక్షన్‌కి అది పట్టదు, దాని కన్నంతా లీగ్ ఫైనలైన సూపర్‌బౌల్ నాటి హాజరు మీదే. మైగ్రేన్ వచ్చి కళ్ళు కనబడక రెండో క్వార్టరులో బయట కూర్చున్నాడు, కాబట్టి ఆ మేరకు సెలవు. తిరిగొచ్చి ఆ మ్యాచ్‌కే అత్యుత్తమ ఆటగాడయ్యాడు. సెలవులో ఉన్న రోజునే ఉత్తమ ఉద్యోగి ఎలా అయ్యారో పదిహేను రోజుల్లోగా వివరణ ఇవ్వవలెను.

జార్జ్ బ్లాండా ఫైలు ఒక్కటే వాళ్ళు కళ్ళకద్దుకుంటారు. 26 సీజన్లు, 48వ ఏట దాకా ఆడాడు. బ్లాండా నిజంగానే గొప్పవాడు, ఆయన్ని ఏమీ అనను. కానీ సెక్షన్ ఆయనకు దణ్ణం పెట్టేది కొట్టిన గోల్స్‌కి కాదు, తిప్పిన క్యాలెండర్లకి.

మిగతా వాదనలకు ఒక్కో ముక్క చాలు. షార్ప్‌కి సూపర్‌బౌల్ గెలిచిన ఉంగరం లేదంటారు, అది జట్టుకిచ్చేది. విలేఖరులతో మాట్లాడేవాడు కాదంటారు. ఓటేసేవాళ్ళలో ఎక్కువమంది మా విలేఖరుల జాతే, వాళ్ళ కడుపుమంట నాకు తెలుసు. మరి ఒక్క సీజన్ మెరిసినవాడికీ ఇచ్చేస్తారా అంటారు. ఎవరిమ్మన్నారు? ఈయన ఏడు సీజన్లలో మూడుసార్లు లీగ్ మొత్తంలో ఎక్కువ బంతులు పట్టాడు. 1992లో 108 పట్టి రికార్డు పెట్టాడు, మరుసటేడు 112 పట్టి తన రికార్డే చెరిపాడు. ఆఖరి ఏడాది, అంటే సర్వీసు చాల్లేదంటున్న ఆ 1994లో, 18 టచ్‌డౌన్లు చేశాడు.

అసలు హాజరే కావాలంటే చూడండి. ఆ ఏడేళ్ళలో రెగ్యులర్ సీజన్ మ్యాచులు 112 ఉన్నాయి. 112 ఆడాడు. ఒక్కటీ మానలేదు.

మరి ఎనిమిదో ఏడు ఎందుకు రాలేదు? ఆడలేక కాదు, విసుగొచ్చి కాదు, సినిమాల్లో చేరదామని కాదు. మెడ. ఆ 1994 సీజన్ చివర్లో మెడకు తగిలిన దెబ్బతో ఆట అక్కడికక్కడే ఆగిపోయింది. ఆ దెబ్బ మెట్ల మీంచి జారిపడితే తగిలింది కాదు, ఉద్యోగంలోనే తగిలింది. నెలలు తిరక్కుండానే జట్టు ఆయన పేరు కొట్టేసింది. మరో రెండేళ్ళకు అదే జట్టు సూపర్‌బౌల్ గెలుచుకుంది. తమ్ముడు షానన్ వేరే జట్టులో గెలిచిన తన మొదటి ఉంగరం తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. ఆ తమ్ముడు 2011లో హాల్లోకి వెళ్ళి, తమ ఇంట్లో తను రెండో మేటి ఆటగాణ్ణేనని వేదిక మీద చెప్పుకున్నాడు. అన్నకి ఆ గుమ్మం తెరుచుకోడానికి ఇంకో పద్నాలుగేళ్ళు పట్టింది.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. సేయర్స్ మోకాలు తీసుకుందీ ఈ ఆటే. డేవిస్ మోకాలు తీసుకుందీ ఇదే. వాళ్ళలాగే హాల్లో చోటు దక్కిన టోనీ బొసెల్లి భుజం తీసుకుందీ ఇదే. ఆదివారం ఆ గుద్దుడు చూడ్డానికే టిక్కెట్లు కొంటాం, గుద్దు గట్టిగా తగిలితే సోఫాలోంచి లేచి అరుస్తాం, రీప్లే మూడుసార్లు వేయిస్తాం. మనిషి పడిపోయాక, ఇంకో ఐదేళ్ళు ఎందుకు రాలేదయ్యా అని లెక్క అడుగుతాం. మెడ పోగొట్టుకున్నవాణ్ణి సర్వీసు చాల్లేదనడం కొలత కాదు, సిగ్గులేనితనం. దానికి నిలకడ అని పేరు పెట్టి మంచి పదం పాడుచేయకండి.

ఇదంతా అన్నగారికి చెప్పాను. "మన దగ్గరైతే ఇలాంటి గొడవలుండవు తమ్ముడూ" అన్నారు. ఉండవు. గొడవ రావాలంటే పేరైనా తెలిసుండాలిగా! తులసీదాస్ బలరాం తెలుసా అన్నా అని అడిగాను. ఏ బలరాం అన్నారు.

సికింద్రాబాద్ అమ్ముగూడ బలరాం. అది వేరే ఫుట్‌బాల్, గుండ్రటి బంతిది, తెలుసు. లెక్క మాత్రం అదే. హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ చెక్కిన ఆటగాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని మూడు పేర్లూ ఒకే గుక్కలో పలికిన కాలం అది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు, పెరూ మీద గోలు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. ఆ తర్వాతేడే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఆట ఆపేశాడు. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. పీకేకీ, చునీకీ పద్మశ్రీ వచ్చింది. రావలసినవాళ్ళే. బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయారు. 1962 నాటి అర్జున అవార్డు తర్వాత ప్రభుత్వం ఆయనకు ఏ పద్మమూ ఇవ్వలేదు.